నీళ్లలో నేసే పట్టు

వంటింట్లో సింకు కింద పైపు కారుతోంది. ప్లంబర్ వచ్చాడు. మొదట చేసే పనేమిటి? నీళ్లు కట్టేయడం. ఆ తర్వాత? పగులు చుట్టూ గుడ్డతో తుడిచి ఆరబెట్టడం. అప్పుడుగానీ బంక డబ్బా మూత తీయడు. తొందర పెడితే, 'తడి ఉంటే పట్టదండీ' అంటాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. తెగిన చెప్పుకి పూసే బంకైనా, పిల్లలు చార్టుకి బొమ్మలు అతికించే జిగురైనా, తెగిన వేలికి చుట్టే ప్లాస్టరైనా తడి తగిలిందంటే చేతులెత్తేయాల్సిందే. తడిసిన వస్తువు మీద కంటికి కనిపించనంత పలుచటి నీటిపొర ఉంటుంది. బంక వెళ్లి ఆ పొరకు తగులుతుందే తప్ప వస్తువుకు తగలదు. ఇక పట్టు ఎక్కడ దొరుకుతుంది?

ఇదే ఇబ్బంది ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లకూ ఉంది. శరీరం లోపలంతా తడే. అక్కడ ప్లంబర్‌లా 'కాస్త ఆరనివ్వండి' అనడం కుదరదు. అందుకే తడిలో పట్టే జిగురు కోసం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో వాళ్లు చివరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నది ఎక్కడో తెలుసా? వాగు ఒడ్డున. రాయి తిరగేసి చూస్తే, దానికి అతుక్కుని ఓ చిన్న పురుగు. వరద వచ్చినా ఊడిపోని ఇల్లు కట్టుకుని, హాయిగా అందులో కూర్చుని ఉంటుంది. ఆ ఇంటికి అది వాడిన సిమెంటు... పట్టు!

పట్టుపురుగుకి చుట్టం

దీని పేరు క్యాడిస్. పెద్దయ్యాక రెక్కలొస్తే క్యాడిస్ ఈగ అంటారు. నిజానికి అది ఈగ జాతి కాదు. చూడ్డానికి దీపాల చుట్టూ తిరిగే సన్నటి గోధుమరంగు చిమ్మటలా ఉంటుంది. వాగులూ ఏళ్లూ పారే ఊళ్లలో రాత్రిపూట వీధిదీపం చుట్టూ మూగే పురుగుల్లో ఇవీ ఉంటాయి. చాలామంది చిమ్మటలే అనుకుంటారు.

అలా అనుకోవడంలో తప్పేం లేదు. ఎందుకంటే చిమ్మటలకూ సీతాకోకచిలుకలకూ అతి దగ్గరి బంధువులు ఇవే. సీతాకోకచిలుక రెక్క పట్టుకుంటే వేళ్లకు అంటుకునే పొడి ఉంటుందే, అది పొలుసులు. క్యాడిస్ రెక్కల మీద ఆ పొలుసులకు బదులు సన్నటి నూగు ఉంటుంది. పైకి కనిపించే తేడాల్లో ముఖ్యమైనది ఇదే. పాతిక కోట్ల సంవత్సరాల క్రితమే ఈ రెండు కుటుంబాలూ వేరు కాపురాలు పెట్టేశాయి. ఒకటి నేల మీద ఆకులూ పూలూ వెతుక్కుంటూ పోయింది. రెండోది నీళ్లలోకి దిగిపోయింది. విడిపోయేటప్పుడు పుట్టింటి నుంచి రెండూ ఒకే సొత్తు పట్టుకెళ్లాయి. అదే పట్టు తయారుచేసే విద్య.

మల్బరీ ఆకు తిని పెరిగే పట్టుపురుగుకి పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? లాలాజల గ్రంథుల్లాంటి రెండు పొడవాటి గ్రంథుల్లో ముందు ద్రవంగా తయారవుతుంది. కింది పెదవి దగ్గరున్న సన్నటి రంధ్రంలోంచి దారమై బయటికొస్తుంది. క్యాడిస్ పురుగులోనూ అచ్చం అంతే. అవే గ్రంథులు, అదే పెదవి, అదే రంధ్రం. తేడా ఒక్కటే. పట్టుపురుగు దారం గాలిలో గట్టిపడుతుంది. క్యాడిస్ దారం నీళ్లలోనే బయటికొచ్చి, నీళ్లలోనే గట్టిపడి, తడిసిన రాయిని తడిగా ఉండగానే పట్టుకుంటుంది.

పట్టుపురుగుకు పట్టుతో పని రెండు మూడు రోజులే. గూడు అల్లేసి లోపల నిద్రపోతుంది. క్యాడిస్ పురుగుకు మాత్రం పుట్టింది మొదలు పట్టు లేనిదే రోజు గడవదు. ఇల్లు పట్టుతోనే. వేట పట్టుతోనే. ప్రవాహంలో కొట్టుకుపోకుండా పట్టుకునే తాడూ పట్టే. చివరికి ప్యూపాగా మారేటప్పుడు తలుపులు బిగించుకోవడమూ పట్టుతోనే. ఆ తలుపుల్ని పళ్లలాంటి దవడలతో కొరికి, నీటిపైకి ఈదుకొచ్చి, రెక్కలు విప్పుకుని ఎగిరిపోతుంది. రెక్కలొచ్చాక బతికేది కొద్దికాలమే.

ఇసుకరేణువుల మేడలు

ప్రపంచంలో క్యాడిస్ జాతులు 16 వేలకు పైగా ఉన్నాయి. మన దేశంలోనే వెయ్యికి పైగా గుర్తించారు. ఇళ్ల విషయంలో ఒక్కోదానిది ఒక్కో అభిరుచి. ఒకటి ఇసుక రేణువులు ఏరుకుని, తాపీ మేస్త్రీ రాయికి రాయి సరిచూసుకున్నట్టు తిప్పి తిప్పి చూసి, సన్నటి గొట్టం కడుతుంది. ఇంకొకటి ఆకుల్ని గుండ్రంగా కత్తిరించి పేరుస్తుంది. మరొకటి పుల్లల్ని అడ్డంగా పేర్చి చిన్న కట్టెల మోపు మోసుకు తిరుగుతున్నట్టుంటుంది. పురుగు పెరిగేకొద్దీ ముందువైపు కొత్త గది కడుతూ పోతుంది. లోపల కూర్చుని పొట్టను అలల్లా ఊపుతూ నీటిని లోపలికి లాక్కుంటుంది. దానికి గాలి అందేది అలాగే. అంటే ఆ గొట్టం గోడే కాదు, కిటికీ కూడా.

హెలికోసైకీ అనే రకం ఇంకా గడుసుది. ఇసుకతో అచ్చం నత్తగుల్లలా మెలికలు తిరిగిన ఇల్లు కడుతుంది. ఎంత అచ్చంగా అంటే, 1834లో అమెరికా శాస్త్రవేత్త ఐజాక్ లీ దాన్ని చూసి నత్తే అనుకున్నారు. కొత్త నత్తజాతిగా పేరు కూడా పెట్టేశారు. లోపలున్నది పురుగని తర్వాత తేలింది.

ఇల్లు మోసుకు తిరగనివి కూడా ఉన్నాయి. అవి జాలర్లు. రెండు రాళ్ల మధ్య, ప్రవాహానికి ఎదురుగా పట్టువల కడతాయి. వల కళ్లు గళ్ల నోటుబుక్కులో గీసినట్టు వరుసగా ఉంటాయి. నీటితో కొట్టుకొచ్చే నాచు, ఆకుముక్కలు, చిన్నాచితకా జీవులు అందులో చిక్కుకుంటే పక్కనే గుడిసెలో కూర్చున్న యజమాని వచ్చి ఆరగిస్తుంది. ఇలాంటి వలలు వేల సంఖ్యలో ఉన్నచోట వాగు అడుగున గులకరాళ్లు ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి. వాటిని కదిలించాలంటే ప్రవాహానికి మరింత బలం కావాలి. గోరంత పురుగు ఏటి అడుగునే పట్టి ఉంచుతోందన్నమాట.

జపాన్‌లో జలవిద్యుత్ కేంద్రాల వాళ్లకు ఈ దారం బలం అనుభవంలోకి వచ్చింది. నీళ్లు వెళ్లే సొరంగాల గోడల నిండా స్టెనోసైకీ అనే క్యాడిస్ పురుగులు వలలు కట్టేసి ప్రవాహాన్ని తగ్గించేశాయి. అదే దేశంలో నగానో ప్రాంతపు ఇనా లోయలో ఈ పురుగుల్ని ఏటి నుంచి పట్టుకొచ్చి సోయా సాస్‌లో వండుకుని తింటారు. ఒకచోట తలనొప్పి, ఇంకోచోట నంజుడు!

ముగ్గురు, ఇద్దరు, ఒక్కరు

ధర్మవరం చీరైనా పోచంపల్లి చీరైనా, అందులో వాడిన దారం అసలు ఏమిటి? ప్రొటీన్. పప్పులో ఉండేదీ, గుడ్డులో ఉండేదీ ప్రొటీన్లే. అమైనో ఆమ్లాలనే పూసల్ని వరుసగా గుచ్చితే ప్రొటీన్ దండ తయారవుతుంది. ఏ పూస తర్వాత ఏ పూస గుచ్చాలో చెప్పే చీటీ పేరు జన్యువు.

పట్టుపురుగు దారంలో ముగ్గురు కలిసి పనిచేస్తారు. పెద్దన్న 'భారీ ఫైబ్రాయిన్'. 5 వేలకు పైగా పూసలున్న దండ. దారానికి బలమంతా దీనిదే. రెండోది 'తేలిక ఫైబ్రాయిన్', పెద్దన్నకు కుడిభుజం. మూడోది పీ25 అనే చిన్న ప్రొటీన్, అందర్నీ ఒక్కచోట కూర్చే మధ్యవర్తి. వీటిపైన సెరిసిన్ అనే బంక పూతలా ఉంటుంది. పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసేది, నేతకు ముందు దారాన్ని ఉడకబెట్టేది ఈ బంకను వదిలించడానికే. అది పోయాక పట్టు బరువు పావు వంతు దాకా తగ్గిపోతుంది. మెరుపు బయటపడేదీ అప్పుడే.

అడవిలో మద్ది చెట్ల మీద పెరిగే టసర్ పట్టుపురుగుల్లో లెక్క వేరు. వాటి దారంలో తేలిక ఫైబ్రాయిన్ లేదు, పీ25 లేదు. పెద్దన్న ఒక్కడే బండి లాగేస్తాడు. ఈ అడవి పట్టుపురుగుల జన్యువుల గురించి తెలుసుకోవడంలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. ఇక్కడి సీడీఎఫ్‌డీలో డాక్టర్ జె.నాగరాజు బృందం ఏళ్లపాటు పట్టుపురుగుల మీదే పనిచేసింది. టసర్, ముగా, ఎరి పురుగుల జన్యు సమాచారాన్ని పోగేసి 2008లో ప్రపంచానికి అందుబాటులో పెట్టింది. 2012 డిసెంబరులో నాగరాజు మరణించారు. ఆ సమాచారం మాత్రం పరిశోధకులకు అక్కరకొస్తూనే ఉంది.

మరి నీళ్లలోకి దిగిపోయిన చుట్టం మాటేమిటి? జపాన్, చెక్ రిపబ్లిక్ శాస్త్రవేత్తలు 2006లో క్యాడిస్ దారాన్ని విప్పి చూశారు. పెద్దన్న ఉన్నాడు. కుడిభుజమూ ఉంది. మధ్యవర్తి పీ25 మాత్రం కనిపించలేదు. మల్బరీ పట్టులో ముగ్గురు, క్యాడిస్‌లో ఇద్దరు, టసర్‌లో ఒక్కరు! కోట్ల ఏళ్ల క్రితం విడిపోయిన కుటుంబాల్లో ఇప్పటికీ ఇంటిపేరు కలుస్తోందన్నమాట. ఎవరు ఉన్నా లేకపోయినా పెద్దన్న లేని ఇల్లు మాత్రం లేదు. కాబట్టి తడిలో పట్టే కిటుకు ఏదైనా ఉంటే అది ఈ పెద్దన్న దగ్గరే దొరకాలి.

కిటుకంతా సెరీన్‌లోనే

మల్బరీ పట్టు బలానికి కారణం దాని పల్లవి. గ్లైసీన్, అలనీన్, గ్లైసీన్, అలనీన్, గ్లైసీన్, సెరీన్... ఇవే పూసలు ఇదే వరుసలో వందలసార్లు వస్తాయి. ఒకే రకం పూసలు కావడంతో దండలు పక్కపక్కనే చేరి, పేకముక్కల్లా దగ్గరగా సర్దుకుంటాయి. మధ్యలోకి నీటిబొట్టు కూడా దూరదు. అందుకే పట్టుచీర అంత గట్టి.

క్యాడిస్ దండలో ఈ పల్లవి మారిపోయింది. అలనీన్ బాగా తగ్గింది. దాని బదులు సెరీన్, ఇంకేదో ఒకటి, మళ్లీ సెరీన్, మళ్లీ ఇంకేదో ఒకటి... ఇలా నాలుగైదు సెరీన్లు ఒక పూస వదిలి ఒక పూసగా గుత్తులుగా వస్తాయి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో రస్సెల్ స్టీవర్ట్, ఆయన సహచరులు 2010లో ఈ గుత్తుల్ని పరిశీలించి అసలు సంగతి బయటపెట్టారు. ఆ సెరీన్లలో చాలావాటికి ఫాస్ఫేట్ అనే చిన్న తోక తగిలించి ఉంది!

ఫాస్ఫేట్‌కు రుణావేశం ఉంటుంది. వాగునీళ్లలో ఎలాగూ ఉండే కాల్షియానికి ధనావేశం ఉంటుంది. రెండూ ఎదురైతే వదలవు. ఒక్కో కాల్షియం అటొక ఫాస్ఫేట్‌ను, ఇటొక ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. జడలో వెంట్రుకల్ని రబ్బరు బ్యాండు పట్టి ఉంచినట్టు, దండలన్నిటినీ కాల్షియం కట్టగా బిగిస్తుంది. మల్బరీ పట్టు నీటిని బయటికి నెట్టి బలం తెచ్చుకుంటే, క్యాడిస్ పట్టు నీళ్లలో దొరికే కాల్షియంతోనే బలం తెచ్చుకుంటోంది. ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి దారంలోంచి కాల్షియాన్ని తీసేసి సోడియం పెట్టి చూశారు. దారం నీరసించిపోయింది.

ఇదేదో పరాయి రసాయనం అనుకోనక్కర్లేదు. పొద్దున్నే కాఫీలో పోసుకునే పాలలోనూ ఇదే జరుగుతోంది. పాలలోని కేసిన్ ప్రొటీన్‌లోనూ సెరీన్లకు ఫాస్ఫేట్ తోకలుంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకునే ఉండబట్టే పాలు తాగితే ఎముకలకు కాల్షియం అందుతోంది. వెనకటి రోజుల్లో వడ్రంగులు కేసిన్‌తో చేసిన జిగురుతో చెక్కలు అతికించేవారు కూడా. ఇంకో తమాషా... సెరీన్ అనే పేరే పట్టు నుంచి వచ్చింది. 1865లో దాన్ని మొట్టమొదట వేరు చేసింది పట్టు మీదుండే సెరిసిన్ బంక నుంచే.

బలంలో మాత్రం క్యాడిస్ దారం మల్బరీ దారం ముందు నిలవదు. దాని గొప్పంతా సాగడంలో ఉంది. దాదాపు రెట్టింపు పొడవుకు సాగదీసినా తెగదు. వదిలేస్తే రబ్బరులా టప్పున వెనక్కి రాదు. మెల్లగా, ఒకటి రెండు గంటల్లో మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. సాగినప్పుడు కొన్ని కాల్షియం ముడులు ఊడతాయి, తీరిగ్గా మళ్లీ పడతాయి. వాగులో వరద ఒక్కసారిగా వచ్చి గుంజినప్పుడు బిర్రుగా ఉన్న దారం తెగిపోతుంది. లొంగి, మళ్లీ లేచేది నిలుస్తుంది.

సముద్రపు ఒడ్డున ఇసుకరేణువుల్ని అతికించి గొట్టాలు కట్టుకునే ఒక పురుగు ఉంది. దాన్ని ఇసుకకోట పురుగు అంటారు. దానికీ క్యాడిస్‌కూ ఏ బంధుత్వమూ లేదు. అయినా దాని జిగురులోనూ ఫాస్ఫేట్ తగిలించిన సెరీన్లే దొరికాయి. ఒకే లెక్కకు ఇద్దరు పిల్లలు వేర్వేరు గదుల్లో కూర్చుని ఒకే జవాబు రాశారంటే ఆ జవాబు సరైనదే అయ్యుండాలి కదా. తడి శరీరంలో పట్టే వైద్యజిగుర్ల తయారీకి శాస్త్రవేత్తలు ఈ జవాబునే పాఠంగా తీసుకుంటున్నారు.

చినిగిన రామకోటి

సరే, జన్యువు ఒక్కటి చదివేస్తే అన్నీ తెలిసిపోతాయి కదా, మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? దానికో ఇబ్బంది ఉంది. ఇంట్లో బామ్మ రాసిన రామకోటి పుస్తకం ఎవరో పిల్లాడు చించి ముక్కలు చేశాడనుకోండి. ఆ ముక్కల్ని మళ్లీ వరుసలో అతికించగలరా? ఏ ముక్క చూసినా 'శ్రీరామ శ్రీరామ' అనే ఉంటుంది. ఏది పదో పేజీలోదో ఏది నూరో పేజీలోదో చెప్పేదెలా?

పట్టు జన్యువుతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. ఈ భారీ జన్యువు పొడవు 20 వేల అక్షరాలకు పైనే. అందులో చాలాభాగం అదే పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. పాత యంత్రాలు డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా చదివి, తర్వాత అతికించేవి. రెండు చివరలు దొరికేవి కానీ మధ్యభాగం గల్లంతయ్యేది. పొడవాటి ముక్కల్ని తప్పుల్లేకుండా చదివే కొత్త యంత్రాలు వచ్చాకే దారి దొరికింది. 2022లో ఒక క్యాడిస్ జాతిలో, ఒక చిమ్మటలో ఈ జన్యువుల్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇలాగే చదివారు.

ఆ తర్వాత వరుసగా మరిన్ని జాతుల్లో చదివి పోల్చి చూశారు. జన్యువు రెండు చివరలూ ఏ జాతిలో చూసినా దాదాపు ఒక్కతీరుగా ఉన్నాయి. మధ్యలోని పల్లవుల అమరికలో మాత్రం ఒక్కో శాఖకు ఒక్కో బాణీ. మేడలు కట్టేవాళ్లకీ వలలు నేసేవాళ్లకీ తేడా ఉంది. 16 వేల జాతుల్లో చదివింది చాలా కొద్దిశాతమే. చదవాల్సింది ఇంకా వాగుల్లోనే ఉంది.

మురుగులోనూ ఓ నేతగాడు

నీళ్లలో పట్టు నేసేది క్యాడిస్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. అక్వేరియం షాపులో చేపలకు మేతగా అమ్మే ఎర్రటి సన్న పురుగుల్ని చూసే ఉంటారు. వాటిని బ్లడ్ వర్మ్స్ అంటారు. అవి కుట్టని దోమలాంటి కైరోనమస్ అనే కీటకం పిల్లలు. ఆ ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌దే. ఆక్సిజన్ సరిగా అందని మురుగుబురదలో బతకాలంటే అది కావాలి మరి. ఇవీ పట్టుతో బురదరేణువుల్ని అతికించి గొట్టపు ఇళ్లు కట్టుకుంటాయి.

వీటి పట్టు వేరే కుటుంబానిది. క్యాడిస్ జన్యువులతో సంబంధం లేదు. కానీ విజ్ఞానశాస్త్రానికి ఈ మురికికాలువ పురుగు చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1881లో ఫ్రాన్స్‌లో బాల్బియానీ అనే శాస్త్రవేత్త దీని లాలాజల గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూశారు. అందులో క్రోమోజోములు మామూలు వాటికన్నా ఎన్నోరెట్లు పెద్దవిగా, తాడులా లావుగా కనిపించాయి. ఒకే క్రోమోజోము వేల ప్రతులు పక్కపక్కనే అంటుకుని ఉండటమే కారణం. వాటిలో కొన్నిచోట్ల ఉబ్బిన ఉంగరాల్లాంటివి ఉన్నాయి. వాటినే బాల్బియానీ ఉంగరాలు అంటున్నారు.

ఆ ఉబ్బు ఏమిటో తెలియడానికి దాదాపు వందేళ్లు పట్టింది. పట్టు జన్యువు పనిచేస్తున్నప్పుడు అక్కడ క్రోమోజోము విప్పుకుని ఉబ్బుతుంది! జన్యువు 'పనిలో ఉంది' అనే మాటను కంటితో చూపించిన తొలి దృశ్యాల్లో ఇదొకటి. ఈ జన్యువుల పొడవు దాదాపు 40 వేల అక్షరాలు. వాటినుంచి తయారయ్యే ప్రొటీన్ మల్బరీ పట్టు పెద్దన్నకు రెండున్నర రెట్లు ఉంటుంది. ఇంత పెద్ద సందేశం కణకేంద్రకం నుంచి బయటికెలా వస్తుంది? 1992లో స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో బెర్టిల్ డానెహోల్ట్ బృందం ఆ ముచ్చటా చూపించింది. ఉండచుట్టిన సందేశం ద్వారం దగ్గరకు రాగానే విచ్చుకుని, సూదిలో దారం ఎక్కినట్టు సన్నగా దూరిపోతుంది.

ఒకటి తేటనీటి నేతగాడు, ఇంకొకటి మురుగునీటి నేతగాడు. ఈ తేడాయే నీళ్ల పరీక్షకు పనికొస్తుంది. క్యాడిస్ జాతుల్లో చాలావాటికి ఆక్సిజన్ దండిగా ఉన్న శుభ్రమైన నీళ్లు కావాలి. మురుగు కలిస్తే ముందుగా ఖాళీ చేసి పోయేవాటిలో ఇవి ఉంటాయి. చివరిదాకా మిగిలేవి ఎర్రపురుగులు. అందుకే నీటి నాణ్యతను రసాయన పరీక్షలతోపాటు అడుగున బతికే పురుగుల్ని బట్టి కూడా లెక్కగడతారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ పద్ధతిని అనుసరిస్తోంది. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. రాయి కింది పురుగు ఏడాది పొడవునా ఏం జరిగిందో చెబుతుంది.

బంగారం ఇస్తే బంగారం...

ఫ్రాన్స్‌లో హ్యూబర్ట్ డ్యుప్రా అనే కళాకారుడికి 1980ల్లో ఓ ఆలోచన వచ్చింది. క్యాడిస్ పురుగుల్ని తెచ్చి తొట్టెలో వేసి, ఇసుకకు బదులు బంగారు రేకుముక్కలు, ముత్యాలు, రత్నాలు వేశారు. పురుగులు ఏం ఆలోచించలేదు. చేతికందిన వాటితో ఇళ్లు కట్టేశాయి. నగల దుకాణంలో పెట్టదగ్గ ఇళ్లు! కంసాలి ఎవరంటే ఏటిపురుగు అని చెప్పాలి.

అందులోనే ఓ హెచ్చరిక కూడా ఉంది. దానికి బంగారమైనా ఒకటే, చెత్తయినా ఒకటే. దొరికిందల్లా ఇంటికి వాడేస్తుంది. 2019లో జర్మనీ శాస్త్రవేత్తలు వాగులోని క్యాడిస్ ఇళ్లను విప్పి చూస్తే ఇసుకరేణువుల మధ్య ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. ప్రయోగశాలలో పరీక్షిస్తే ప్లాస్టిక్ కలిసిన ఇళ్లు ఇసుక ఇళ్లంత గట్టిగా లేవు, తేలిగ్గా నలిగిపోయాయి. కట్టిన పట్టులో లోపం లేదు, ఇటుకలే నాసిరకం.

ఇది కొత్త ముచ్చట అనుకుంటే 2025లో నెదర్లాండ్స్ నుంచి ఇంకో సంగతి తెలిసింది. లైడెన్‌లోని నాచురాలిస్ మ్యూజియంలో దశాబ్దాల క్రితం భద్రపరిచిన క్యాడిస్ ఇళ్లను శాస్త్రవేత్తలు మళ్లీ బయటికి తీసి చూశారు. 1971లో ఏటి నుంచి తెచ్చిన ఓ ఇంట్లో పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్కలున్నాయి! 'మైక్రోప్లాస్టిక్' అనే మాట పత్రికల్లో వినపడటానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ పురుగు వాటిని ఒక్కొక్కటిగా ఏరి, పట్టుతో కుట్టి, సాక్ష్యంగా దాచిపెట్టింది. చదివేవాళ్లు రావడానికే అర్ధ శతాబ్దం పట్టింది.

మనిషి తడిలో పట్టే జిగురు కోసం వెతుకుతున్నాడు. ఆ సూత్రాన్ని క్యాడిస్ పురుగు కోట్ల ఏళ్లుగా జన్యువులో రాసుకుని కూర్చుంది. ఒక్కో జాతి ఒక్కో ప్రతి. ఏ ప్రతిలో ఏ మెరుగైన సూత్రం ఉందో ఇంకా చాలావాటిని విప్పి చూడనే లేదు. వాగు మురిగిపోతే మొదట పోయేది ఈ ప్రతులే. పోయిన జన్యువును తిరిగి రాసే యంత్రమేదీ లేదు.

ఈసారి పిల్లలతో కలిసి ఏ కొండవాగుకో వెళ్లినప్పుడు, నీళ్లు లోతు లేనిచోట, ఒడ్డు పక్కన ఒక రాయిని మెల్లగా తిరగేయండి. ఇసుక గొట్టమో, పుల్లల కట్టో అంటుకుని ఉంటే కాసేపు కదలకుండా చూడండి. ముందువైపు నుంచి చిన్న తల బయటికొస్తుంది. పిల్లలకు దాని చుట్టాలెవరో చెప్పండి, పెట్టెలో ఉన్న పట్టుచీర సంగతీ చెప్పండి. చూడటం అయిపోయాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే, అదే చోట బోర్లించండి. అది ఎవరో కష్టపడి కట్టుకున్న ఇల్లు.